రోమన్ల పేరు విప్పి చదవడం ఎలా? ప్రైనోమెన్ నుంచి అగ్నోమెన్ దాకా

జూలై నెలకు జూలియస్ సీజర్ పేరు పెట్టారని బడిలో చదువుకున్నాం. అంతకుముందు ఆ నెల పేరు క్వింతిలిస్. క్రీ.పూ. 44లో మార్చారు. బాగానే ఉంది, మరి జూలైలో సీజర్ ఏడి? ఉన్నది జూలియస్ ఒక్కటే. జూలియస్ అంటే అమ్మానాన్నలు పెట్టిన పేరనీ, సీజర్ ఇంటిపేరనీ చాలామంది అనుకుంటారు. నేనూ ఏళ్ల తరబడి అలాగే అనుకున్నాను. ఇంట్లో పెట్టిన పేరు ఆ రెండూ కాదు, గాయుస్. జూలియస్ వంశం పేరు, సీజర్ ఆ వంశంలో ఒక శాఖ పేరు. అంటే ఏటా ముప్పై ఒక్క రోజులు మనం పలుకుతున్నది ఆయన వంశనామం.

పక్కనే ఉన్న ఆగస్టుది ఇంకో కథ. ఆగస్టస్ అనేది పుట్టినప్పటి పేరు కాదు, వంశం పేరూ కాదు. క్రీ.పూ. 27లో సెనేట్ ఇచ్చిన బిరుదు. క్యాలెండర్‌లో పక్కపక్కన కూర్చున్న రెండు నెలలు రోమన్ పేరులోని రెండు వేర్వేరు భాగాల నుంచి వచ్చాయి.

మ్యూజియంలో శాసనం, పాత నాణెం మీద అక్షరాలు, చరిత్ర పుస్తకంలో నాలుగైదు మాటల పొడవాటి పేరు... ఇలాంటివి ఎదురైనప్పుడు ఏది ఏ భాగమో మీ అంతట మీరే గుర్తుపట్టడానికి ఈ మార్గదర్శి. లాటిన్ రానక్కర్లేదు. ఓపిక ఉంటే చాలు.

ముందుగా ఉచ్చారణ గురించి ఒక మాట. ప్రాచీన లాటిన్‌లో రోమన్ వక్త సిసిరోను 'కికెరో' అనీ, సీజర్‌ను 'కైసర్' అనీ పలికేవారు. మనకు బాగా అలవాటైన సీజర్, సిసిరో, ఆగస్టస్, జూలియస్‌లను అలాగే ఉంచాను. మిగతా పేర్లు లాటిన్ పలుకుబడికి దగ్గరగా రాశాను.

ముందు నాలుగు మాటలు

క్రీ.శ. 4వ శతాబ్దపు వ్యాకరణ పండితుడు దొనాతుస్ మనిషి పేరులో నాలుగు రకాలు ఉంటాయని చెప్పి, ఒకే ఒక్క ఉదాహరణతో పని ముగించాడు: పూబ్లియుస్ కొర్నేలియుస్ స్కీపియో ఆఫ్రికానుస్. ఇంతకంటే మంచి ఉదాహరణ నాకూ దొరకలేదు.

పూబ్లియుస్ ప్రైనోమెన్, అంటే ముందుపేరు. 'ప్రై' అంటే ముందు. కొర్నేలియుస్ నోమెన్, అసలు పేరు. నోమెన్, మన నామం ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు, కాబట్టి ఇది మరచిపోయే అవకాశం లేదు. స్కీపియో కొగ్నోమెన్, అసలు పేరుతో జతకట్టిన పేరు. ఆఫ్రికానుస్ అగ్నోమెన్, పైన అదనంగా తగిలించిన పేరు. మొదటి మూడింటినీ కలిపి త్రియా నోమినా, అంటే మూడు పేర్లు అంటారు.

మన పద్ధతితో పోల్చకుండా ఉండలేం కాబట్టి ఇప్పుడే పోల్చేద్దాం. నోమెన్‌ను ఇంటిపేరు అనేయడం మామూలే కానీ, నాకు మాత్రం అది గోత్రానికి దగ్గరగా కనిపిస్తుంది. ఒకే గోత్రంలో ఎన్నో ఇంటిపేర్లు ఉన్నట్టే, కొర్నేలియుస్ అనే ఒక్క నోమెన్ కింద స్కీపియో, లెంతులుస్, సుల్లా, కిన్నా, దొలాబెల్లా అని ఎన్నో శాఖలు ఉన్నాయి. ఆ శాఖల పేర్లే కొగ్నోమెన్లు. అయితే ఈ పోలికను మరీ లాగకండి. మన గోత్రానికున్న పెళ్లి కట్టుబాట్లు ఇందులో వెతికితే దారి తప్పుతాం.

మొదటి మెట్టు: నోమెన్‌ను పట్టుకోండి

పేరు మొదటి మాట నుంచి చదవడం మొదలుపెట్టకండి. ముందు నోమెన్ ఎక్కడుందో చూడండి. గుడారానికి నడిమి గుంజ లాంటిది అది. అది దొరికితే, దాని ముందున్నది ప్రైనోమెన్, వెనకున్నది కొగ్నోమెన్ అని వాటంతట అవే తేలిపోతాయి.

నోమెన్‌ను గుర్తుపట్టడం తేలికే. మగవాళ్ల విషయంలో చాలావరకు '-ఇయుస్' అని ముగుస్తుంది: కొర్నేలియుస్, తుల్లియుస్, ఆంటోనియుస్, క్లౌదియుస్, వలేరియుస్. కొన్ని వేరేగానూ ఉంటాయి. ఎత్రుస్కన్ (రోమ్ పొరుగున ఉన్న ఒక పాత ఇటలీ జాతి) మూలాలున్న కైకీనా, పెర్పెర్నా లాంటివి 'ఆ'తో ముగుస్తాయి. అవి చూసి ఆడవాళ్ల పేర్లని పొరబడకూడదు.

ఇక్కడే ఒక గుంట ఉంది, కొత్తవాళ్లందరూ పడతారు. కొన్ని ప్రైనోమెన్లు కూడా '-ఇయుస్' అనే ముగుస్తాయి: లూకియుస్, పూబ్లియుస్, తిబెరియుస్, సెర్వియుస్, అప్పియుస్. ఇంకోవైపు మార్కుస్ ప్రైనోమెన్, మార్కియుస్ నోమెన్. సెక్స్తుస్ ప్రైనోమెన్, సెక్స్తియుస్ నోమెన్. ఒక్క 'ఇ'కారం తేడా. అందుకని రెండో మెట్టులోని చిన్న జాబితా బాగా గుర్తుంచుకోండి. ఆ జాబితాలో లేనిది, '-ఇయుస్'తో ముగిసేది కనిపిస్తే అది దాదాపుగా నోమెనే.

రెండో మెట్టు: ప్రైనోమెన్, ఒక్క అక్షరంలో

మగపిల్లాడికి పుట్టిన తొమ్మిదో రోజున, ఆడపిల్లకు ఎనిమిదో రోజున శుద్ధి చేసి పేరు పెట్టేవారు. మన బారసాల లాంటిదే. అయితే మనకున్నట్టు వేల పేర్లు వాళ్లకు లేవు. రిపబ్లిక్ (చక్రవర్తులు రాకముందు కాలం) చివరి రోజుల్లో పెద్ద కుటుంబాల్లో వాడుకలో ఉన్న ప్రైనోమెన్లు ఇరవై లోపే. అంత తక్కువ కాబట్టే పూర్తిగా రాయడం దండగ అనుకున్నారు. శాసనాల్లో, పుస్తకాల్లో ఒకటి రెండు అక్షరాలతో సరిపెట్టారు.

రోజూ ఎదురయ్యేవి ఇవి. ఎ అంటే ఔలుస్. సి అంటే గాయుస్. సి-ఎన్ అంటే గ్నైయుస్. డి అంటే దెకిముస్. ఎల్ అంటే లూకియుస్. ఎం అంటే మార్కుస్. ఎం పక్కన చిన్న కొక్కెం ఉంటే మానియుస్. పి అంటే పూబ్లియుస్. క్యూ అంటే క్వింతుస్. టి ఒక్కటే ఉంటే తితుస్, టి-ఐ అని రెండుంటే తిబెరియుస్. ఎ-పి అప్పియుస్, ఎస్-ఇ-ఆర్ సెర్వియుస్, ఎస్-ఇ-ఎక్స్ సెక్స్తుస్.

'సి అని రాసి గాయుస్ అని చదవడమేంటి?' అని అడగాల్సిందే. మొదట్లో నేను ఒక పొడవాటి పట్టిక తయారు చేసుకుంటూ సి ఉన్న ప్రతి చోటా 'కాయుస్' అని రాసుకున్నాను. తర్వాత మొత్తం కొట్టేసి మళ్లీ రాయాల్సి వచ్చింది. కారణం ఇది: పాత లాటిన్‌లో క, గ ధ్వనులు రెంటికీ సి అక్షరమే వాడేవారు. జి అనే అక్షరం క్రీ.పూ. 3వ శతాబ్దంలో వచ్చింది. పలుకుబడికి తగ్గట్టు మిగతా మాటల రాత మారింది కానీ, పేర్ల పొడి అక్షరాలు మాత్రం పాత అలవాటు ప్రకారమే ఉండిపోయాయి. సి-ఎన్ అని రాసి గ్నైయుస్ అనడమూ అందుకే.

క్వింతుస్ అంటే ఐదోవాడు, సెక్స్తుస్ ఆరోవాడు, దెకిముస్ పదోవాడు. అలాగని ప్రతి క్వింతుస్‌కూ నలుగురు అన్నలు, అక్కలు ఉన్నారని లెక్కపెట్టకండి. తాత పేరో తండ్రి పేరో కాబట్టి పెట్టినవే ఎక్కువ. సిసిరో తమ్ముడు క్వింతుస్ ఆ ఇంట్లో రెండో కొడుకే.

ఒక్కోసారి ఏ పేరు పెట్టలేదన్నది కూడా ఒక సమాచారమే. క్రీ.పూ. 384లో మార్కుస్ మాన్లియుస్ కాపితోలీనుస్ రాజు కావాలని కుట్ర పన్నాడన్న నేరం మీద చనిపోయాక, మాన్లియుస్ వంశం వాళ్లు ఇకమీదట ఎవరికీ మార్కుస్ అని పెట్టకూడదని తీర్మానించుకున్నారు. క్లియోపాత్రాతో కలిసి ఓడిపోయిన మార్క్ ఆంటోనీ విషయంలోనూ అంతే. ఆంటోనియుస్ వంశంలో మార్కుస్ అన్న పేరే ఉండకూడదని సెనేట్ ఆజ్ఞ వేసింది. మనిషిని కాదు, ముందుపేరును వెలివేశారు.

మూడో మెట్టు: మధ్యలో ఉన్న పొడి అక్షరాలు

పాఠ్యపుస్తకాలు మూడు పేర్లూ చెప్పి ఇక్కడికి వచ్చేసరికి దాటేస్తాయి. నా మటుకు అసలు సరుకు ఇక్కడే ఉంది.

దక్షిణ ఇటలీలో, ప్రాచీన హెరాక్లియా దగ్గర దొరికిన కంచు రేకు మీద చెక్కిన చట్టం ఒకటి ఉంది. జనాభా లెక్కలు తీసే అధికారి ఒక్కొక్కరి గురించి ఏమేం రాసుకోవాలో అందులో వరసగా చెప్పారు: నోమెన్, ప్రైనోమెన్, తండ్రి లేదా యజమాని పేరు, త్రిబుస్ (ఓటు వేసే విభాగం), కొగ్నోమెన్, వయసు. గమనించారా? తండ్రి పేరు, త్రిబుస్ వచ్చాకే కొగ్నోమెన్ వచ్చింది. అంటే ప్రభుత్వం దృష్టిలో 'మూడు పేర్లు' కంటే 'ఎవరి కొడుకు, ఎక్కడి ఓటరు' అన్నదే ముందు.

తండ్రి పేరు చెప్పే భాగాన్ని పండితులు ఫిలియాతియో అంటారు. ఎం-ఎఫ్ అని ఉంటే మార్కుస్ కొడుకు. ఎఫ్ అంటే ఫిలియుస్, కొడుకు. ఎల్-ఎన్ అని ఉంటే లూకియుస్ మనవడు. ఎన్ అంటే నెపోస్. మన పాత దస్తావేజుల్లో 'ఫలానా వారి కుమారుడు, ఫలానా వారి పౌత్రుడు' అని రాసినట్టే. తేడా ఒక్కటే, వాళ్లకు ఆ పని రెండు అక్షరాలతో అయిపోయేది.

దాని తర్వాత మూడక్షరాల ముక్క ఒకటి వస్తుంది: కొర్, ఫాబ్, పోల్, లెమ్, పాల్. ఇది త్రిబుస్. జాతి, తెగ అని అనువదించకండి. ఇది ఓటు వేసే విభాగం, మన నియోజకవర్గం లాంటిది. క్రీ.పూ. 241 నాటికి ఇవి 35 అయ్యాయి, ఆ తర్వాత పెరగలేదు. నాలుగు నగరానివి, 31 పల్లెలవి. రోమ్‌కు వందల మైళ్ల దూరంలో, ఓటు వేసే అవకాశమే లేని సైనికుడు కూడా సమాధి రాతి మీద ఆ మూడక్షరాలు చెక్కించుకునేవాడు. 'నేను రోమన్ పౌరుణ్ణి' అని చెప్పుకోవడానికి అంతకంటే పొట్టి దారి లేదు.

కాబట్టి సిసిరో పూర్తి పేరు ఇలా ఉంటుంది: మార్కుస్ తుల్లియుస్, మార్కుస్ కొడుకు, కొర్నేలియా త్రిబుస్, సిసిరో. త్రిబుస్ పేరు కొర్నేలియా కదా అని ఆయన్ను కొర్నేలియుస్ వంశంలో కలిపేయకండి. నేను ఒకసారి కలిపేశాను.

నాలుగో మెట్టు: కొగ్నోమెన్, ఎగతాళి నుంచి గౌరవం దాకా

కొగ్నోమెన్లలో చాలా వాటి మూలం వెక్కిరింపే. కాల్వుస్ అంటే బట్టతల. క్రాసుస్ అంటే లావుపాటివాడు. స్త్రాబో అంటే మెల్లకన్ను. బాల్బుస్ అంటే నత్తివాడు. కవి ఓవిద్ కొగ్నోమెన్ నాసో, అంటే పెద్ద ముక్కు. కవి హోరస్‌ది ఫ్లాకుస్, అంటే వేలాడే చెవులు. ఎప్పుడో ముత్తాతకు పెట్టిన పేరు కొడుకులకూ మనవలకూ అంటుకుని, చివరికి కాన్సుల్ (రోమ్‌లో ఏటా ఎన్నికయ్యే అత్యున్నత అధికారి) పదవికి ఎక్కినవాడి పేరు పక్కన కూడా దర్జాగా కూర్చుంది. పూర్వం ఎవరో లావుగా ఉన్నాడని వాళ్ల క్రాసుస్‌లందరూ లావుగా ఉన్నారని అర్థం కాదు.

తిండి గింజల పేర్లూ ఉన్నాయి. సిసిరో 'కికెర్' అనే మాట నుంచి వచ్చింది, అంటే శనగ. లెంతులుస్‌లో ఉన్నది మసూర పప్పు. నోమెన్లలోనూ ఇలాంటిది ఉంది, ఫాబియుస్‌లో చిక్కుడు గింజ. ఆ పంటలు బాగా పండించిన వాళ్లకు ఈ పేర్లు వచ్చాయని రోమన్ రచయిత ప్లినీ అంటాడు. పప్పు, మామిడి, చింతకాయల అని ఇంటిపేర్లున్న మనకు ఇదేం వింత కాదు.

సిసిరో గురించి గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పిన ముచ్చట ఒకటుంది. రాజకీయాల్లోకి దిగేటప్పుడు స్నేహితులు ఆ పేరు మార్చుకోమన్నారట. శనగ పేరుతో ఏం ఎదుగుతావని వాళ్ల బాధ. స్కౌరుస్, కాతులుస్ లాంటి పేర్ల కంటే దీన్నే ఎక్కువ పేరున్నదిగా చేస్తానన్నాడు ఆయన. తర్వాత సిసిలీలో అధికారిగా ఉన్నప్పుడు దేవుళ్లకు ఒక వెండి పాత్ర సమర్పిస్తూ, దాని మీద మార్కుస్, తుల్లియుస్ అని రెండు పేర్లు రాయించి, మూడో పేరు ఉండాల్సిన చోట శనగ గింజ బొమ్మ చెక్కమన్నాడట. ఇంతకంటే చక్కగా కొగ్నోమెన్ పాఠం ఎవరూ చెప్పలేరు.

కొగ్నోమెన్ లేని వాళ్లూ ఉన్నారు, అదీ చిన్నవాళ్లు కాదు. ఏడుసార్లు కాన్సుల్ అయిన గాయుస్ మారియుస్‌కు మూడో పేరు లేదు. మార్క్ ఆంటోనీకీ లేదు, ఆయన మార్కుస్ ఆంటోనియుస్ అంతే. కాబట్టి రెండే మాటలు కనిపిస్తే ఏదో చెరిగిపోయిందని కంగారు పడకండి. పాత కాలపు రాతల్లో, సామాన్యుల పేర్లలో అది మామూలు విషయం.

తర్వాత్తర్వాత తక్కెడ తిరగబడింది. ప్రైనోమెన్లు మరీ తక్కువ కావడంతో, తండ్రి పేరే కొడుకులకు పెడుతూ పోవడంతో మనిషిని వేరుచేసి చూపే పని కొగ్నోమెన్ మీద పడింది. సామ్రాజ్యం చివరి రోజులకు ప్రైనోమెన్ దాదాపు మాయమైంది. ఆఖరున చేరిన కొగ్నోమెనే మిగిలింది.

ఐదో మెట్టు: అగ్నోమెన్, ఇంకా '-ఆనుస్' అనే తోక

అగ్నోమెన్ అన్న మాట దొనాతుస్ లాంటి వ్యాకరణ పండితులు స్థిరపరిచింది. అంతకుముందు వాళ్లు దాన్నీ కొగ్నోమెన్ అనే అనేవారు. గెలుపు వల్ల వచ్చినవి ఎక్కువ పేరుపొందాయి. క్రీ.పూ. 202లో జామా దగ్గర కార్తేజ్ సేనాని హానిబాల్‌ను ఓడించిన స్కీపియో ఆఫ్రికానుస్ అయ్యాడు. ఆయన తమ్ముడు లూకియుస్ ఆసియాలో గెలిచి ఆసియాతికుస్ అయ్యాడు. మెతెల్లుస్ శాఖలోనైతే మకెదోనికుస్, నుమిదికుస్, క్రేతికుస్ అని ఏకంగా ఒక అట్లాసే ఉంది. మార్క్ ఆంటోనీ తండ్రికి కూడా క్రేతికుస్ అన్న పేరుంది, కానీ ఆయన క్రీట్‌లో ఓడిపోయాడు. బిరుదులోనే వెటకారం.

ఇక దత్తత. దత్తుడు కొత్త తండ్రి మూడు పేర్లూ తీసుకుని, తన పుట్టింటి నోమెన్‌ను '-ఆనుస్' అని సాగదీసి చివర తగిలించుకుంటాడు. ఐమిలియుస్ పౌలుస్ కొడుకు స్కీపియో ఇంటికి దత్తత వెళ్లి పూబ్లియుస్ కొర్నేలియుస్ స్కీపియో ఐమిలియానుస్ అయ్యాడు. క్రీ.పూ. 146లో కార్తేజ్‌ను నాశనం చేసింది ఈయనే. పుట్టిల్లు, దత్తిల్లు రెండూ ఒకే పేరులో ఉన్నాయి చూడండి.

గాయుస్ ఒక్తావియుస్‌ను సీజర్ వీలునామాలో దత్తత చేసుకున్నాడు. ఆ లెక్కన అతను గాయుస్ జూలియస్ సీజర్ ఒక్తావియానుస్. మనం పుస్తకాల్లో ఆక్టేవియన్ అంటాం. కానీ అతను మాత్రం ఆ తోకను వాడలేదు, సీజర్ అనే పిలిపించుకున్నాడు. తోక పెట్టుకుంటే పుట్టింటి సంగతి అందరికీ గుర్తొస్తుంది కదా!

'-ఆనుస్' కనిపించగానే దత్తత అని తీర్మానించేయకండి. వెస్పసియన్ చక్రవర్తి తితుస్ ఫ్లావియుస్ వెస్పసియానుస్‌ను ఎవరూ దత్తత తీసుకోలేదు. అది తల్లి వెస్పసియా పోల్లా పేరు నుంచి వచ్చింది.

పేర్లు పోగేసే పిచ్చి సామ్రాజ్య కాలంలో ముదిరింది. క్రీ.శ. 169లో కాన్సుల్‌గా ఉన్న సోసియుస్ ప్రిస్కుస్ పేరులో మొత్తం 38 భాగాలు ఉన్నాయి. అలాంటిది ఎదురైతే మెట్లన్నీ పక్కన పెట్టి టీ తాగి రండి.

ఆరో మెట్టు: ఆడవాళ్ల పేర్లు

ఇక్కడ చెప్పడానికి తక్కువే ఉంది, ఆ తక్కువే బాధ కలిగిస్తుంది. కూతురి పేరు తండ్రి నోమెన్‌కు స్త్రీలింగ రూపం. జూలియస్ కూతురు జూలియా. తుల్లియుస్ కూతురు తుల్లియా. కొర్నేలియుస్ కూతురు కొర్నేలియా. ఇద్దరుంటే పెద్దది మైయోర్, చిన్నది మినోర్. మూడోది ఉంటే తెర్తియా. మార్క్ ఆంటోనీకి ఒక్తావియాతో పుట్టిన ఇద్దరు కూతుళ్లూ ఆంటోనియాలే, పెద్ద ఆంటోనియా, చిన్న ఆంటోనియా. మన ఇళ్లలో పెద్దమ్మాయి, చిన్నమ్మాయి అని పిలవడం ఉంది, కానీ వెనక ఒక అసలు పేరంటూ ఉంటుంది. రిపబ్లిక్ చివరి కాలపు రోమన్ స్త్రీకి చాలావరకు ప్రైనోమెన్ లేదు.

పెళ్లయ్యాక మాత్రం పుట్టింటి పేరు మారదు. రోమ్ బయట అప్పియన్ దారి పక్కన గుండ్రటి కోటలాంటి సమాధి ఒకటుంది. దాని మీద రాత: 'కైకీలియై, క్యూ. క్రేతికీ ఎఫ్., మెతెల్లై, క్రాసీ'. క్వింతుస్ క్రేతికుస్ కూతురు, క్రాసుస్ భార్య, కైకీలియా మెతెల్లాకు అని అర్థం. ఆమె రెండు పేర్ల మధ్యలో తండ్రి, చివర భర్త. భార్య అన్న మాట కూడా లేదు, 'క్రాసుస్ యొక్క' అని ఊరుకున్నారు.

సామ్రాజ్య కాలంలో కొంచెం నయం. లీవియా ద్రూసిల్లా, విప్సానియా అగ్రిప్పీనా అని రెండు పేర్లు మామూలయ్యాయి.

ఏడో మెట్టు: ఎఫ్ ఉండాల్సిన చోట ఎల్ ఉంటే

బానిసకు చట్టం దృష్టిలో తండ్రి లేడు. ఒక్కటే పేరు. విడుదలైతే యజమాని ప్రైనోమెన్, నోమెన్ వస్తాయి, తన పాత ఒంటి పేరు కొగ్నోమెన్ అవుతుంది. సిసిరో దగ్గర రాతపని చూసిన తీరో విడుదలై మార్కుస్ తుల్లియుస్ తీరో అయ్యాడు. శాసనంలో ఎం-ఎఫ్ బదులు ఎం-ఎల్ అని ఉంటుంది. ఎల్ అంటే లిబెర్తుస్, విడుదలైనవాడు. యజమానురాలు విడుదల చేస్తే ముందు తిరగేసిన సి అక్షరం చెక్కేవారు. ఆడవాళ్లకు ప్రైనోమెన్ లేదు కాబట్టి అందరికీ కలిపి గాయా అని ఒకటే గుర్తు.

అందువల్ల నోమెన్ ఒకటే అయినంత మాత్రాన రక్తసంబంధం ఉన్నట్టు కాదు. రోమన్ నియంత సుల్లా పదివేల మందికి పైగా బానిసలను విడిపించాడని చరిత్రకారుడు అప్పియానుస్ రాశాడు. వాళ్లందరూ కొర్నేలియుస్‌లే.

ఎఫ్ లేదు, ఎల్ కూడా లేదు అనుకోండి? ఇలాంటిదే రోమ్‌లో పోర్తా మజ్జోరే దగ్గర రొట్టెలవాడు మార్కుస్ వెర్గీలియుస్ యూరీసాకేస్ కట్టించుకున్న భారీ సమాధి. నోమెన్ చక్కటి రోమన్‌ది, కొగ్నోమెన్ గ్రీకుది, తండ్రి ఊసు లేదు. మాజీ బానిస అయి ఉంటాడని పండితులు ఊహించేది ఆ ఖాళీని చూసే.

కొత్తగా పౌరసత్వం పొందినవాళ్లదీ ఇదే దారి. చక్రవర్తి నోమెన్ తీసుకుంటారు. తెలుగు బైబిల్ అపొస్తలుల కార్యములలో 'క్లౌదియ లూసియ' అనే సేనాధికారి ఉన్నాడు కదా. చాలా డబ్బు పోసి పౌరసత్వం కొనుక్కున్నానని ఆయనే పౌలుతో అంటాడు. లూసియ అనేది అతని పాత గ్రీకు పేరు, క్లౌదియ బహుశా క్లౌదియుస్ చక్రవర్తి కాలంలో కొన్న పౌరసత్వంతో పాటు వచ్చిన నోమెన్. క్రీ.శ. 212లో కారకల్లా సామ్రాజ్యంలో ఉన్న స్వతంత్రులందరికీ దాదాపుగా పౌరసత్వం ఇచ్చాడు. ఆయన అధికారిక నోమెన్ ఔరేలియుస్. ఆ తర్వాతి రాతల్లో ఎక్కడ చూసినా ఔరేలియుస్‌లే.

ఎనిమిదో మెట్టు: ఇప్పుడు చేసి చూద్దాం

ఒక రాయి, ఒక నాణెం తీసుకుందాం. దానికి ముందు ఒక హెచ్చరిక: లాటిన్‌లో పేరు చివర విభక్తి మారుతుంది. రాముడు, రాముడి, రాముడికి అన్నట్టే మార్కుస్, మార్కీ, మార్కో. సమాధి రాళ్ల మీద 'ఫలానా వారికి' అని రాయడం మామూలు కాబట్టి '-ఓ' అని ముగిసే పేర్లు తరచు కనిపిస్తాయి. వాటిని మళ్లీ '-ఉస్' చేసి చదువుకోండి.

జర్మనీలోని క్సాంటెన్ ప్రాంతంలో దొరికిన స్మారక శిల ఒకటి ఇప్పుడు బాన్ నగరంలోని మ్యూజియంలో ఉంది. మొదటి వరస: 'ఎం. కైలియో టి. ఎఫ్. లెమ్. బాన్.'

నోమెన్ ఏది? కైలియో, అంటే కైలియుస్. ముందున్న ఎం మార్కుస్. వెనక టి-ఎఫ్, తితుస్ కొడుకు. లెమ్, లెమోనియా త్రిబుస్. బాన్ అంటే ఊరు, దీన్ని ఒరిగో అంటారు. శిల ఉన్న బాన్ నగరం అనుకునేరు, కాదు. ఇది బొనోనియా, ఇటలీలోని ఇప్పటి బొలోన్యా. కొగ్నోమెన్ వెతకండి. లేదు. మారియుస్ లాగే ఇతనికీ రెండే పేర్లు.

కింది వరసల్లో 18వ లెజియన్ (రోమన్ సైనిక దళం) అనీ, వయసు యాభై మూడున్నర అనీ, వారుస్ యుద్ధంలో పడిపోయాడనీ ఉంది. అది క్రీ.శ. 9లో మూడు లెజియన్లు అడవిలో తుడిచిపెట్టుకుపోయిన యుద్ధం. చివర 'పి. కైలియుస్ టి. ఎఫ్. లెమ్. ఫ్రాతెర్ ఫెకిత్'. పూబ్లియుస్ కైలియుస్, తితుస్ కొడుకు, లెమోనియా, అన్న కోసమో తమ్ముడి కోసమో చేయించాడు. నోమెన్, తండ్రి, త్రిబుస్ అన్నీ కలుస్తున్నాయి, ప్రైనోమెన్ ఒక్కటే తేడా. అన్నదమ్ములను వేరుచేసేది ఆ ఒక్క అక్షరమే. కైలియుస్ బొమ్మకు రెండు పక్కలా రెండు తలలు చెక్కారు, కింద పేర్లు: మార్కుస్ కైలియుస్ ప్రివాతుస్, మార్కుస్ కైలియుస్ థియామినుస్. యజమాని ప్రైనోమెన్, నోమెన్ వీళ్లకు వచ్చాయి, పాత ఒంటి పేర్లు చివర నిలిచాయి. ఇతను విడిపించిన బానిసలు. యజమానికి లేని కొగ్నోమెన్ బానిసలుగా ఉన్నవాళ్లకు ఉంది!

ఇక నాణెం. దక్షిణ భారతంలో దొరికిన రోమన్ వెండి దెనారియుస్‌లలో, ఆగస్టస్ తర్వాతి చక్రవర్తి తిబెరియుస్‌వి చాలా ఎక్కువ. ఇప్పటి నల్లగొండ జిల్లాలోనూ ఆగస్టస్, తిబెరియుస్‌ల నాణేలు దొరికాయి. తిబెరియుస్ తల చుట్టూ ఉన్న రాత: 'టిఐ. కైసర్ దీవీ ఔగ్. ఎఫ్. ఔగుస్తుస్'. టిఐ, తిబెరియుస్, ప్రైనోమెన్. తర్వాత సీజర్. ఆపైన ఎఫ్ ఉంది కాబట్టి ఫిలియాతియో. కానీ తండ్రి ప్రైనోమెన్ ఒక్క అక్షరంలో చెప్పకుండా 'దైవమైన ఆగస్టస్ కొడుకు' అని విడమరిచారు. చివరి ఆగస్టస్ ఇతని సొంత బిరుదు. లేనిదేమిటి? నోమెన్. పుట్టుకతో తిబెరియుస్ క్లౌదియుస్ నీరో, దత్తతతో జూలియస్. రెండు నోమెన్లూ నాణెం మీద లేవు. సీజర్ అన్న మాట ముందు వంశం పేరు చెప్పుకోవాల్సిన అవసరం ఇక లేదు.

రోమ్‌లో పాంథియోన్ ముఖద్వారం మీద 'ఎం. అగ్రిప్పా ఎల్. ఎఫ్.' అని పెద్ద అక్షరాలున్నాయి. మార్కుస్ అగ్రిప్పా, లూకియుస్ కొడుకు. ఇక్కడా నోమెన్ లేదు, కానీ కారణం వేరు. ఆయన నోమెన్ విప్సానియుస్. అది సామాన్య కుటుంబం పేరని ఆయనే దాన్ని వదిలేసుకున్నాడని ప్రాచీనులు రాశారు.

చివరిది మీరే చేయండి. పొంతి పిలాతు, యేసుకు శిలువ శిక్ష వేసిన రోమన్ అధికారి. తెలుగు బైబిల్ చదివినవాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలిసిన పేరు. లాటిన్‌లో పొంతియుస్ పిలాతుస్. '-ఇయుస్' ఉంది కాబట్టి పొంతియుస్ నోమెన్, పిలాతుస్ కొగ్నోమెన్. మరి ప్రైనోమెన్? ఏ పుస్తకంలోనూ లేదు. 1961లో కైసరియలోని ప్రాచీన నాటకశాలలో, మెట్టు రాయిగా వాడేసిన ఒక శిల మీద ఆయన పేరు దొరికింది. '...తియుస్ పిలాతుస్' అని చదవడానికి వీలుగానే ఉంది. ఎడమవైపు అంచు మాత్రం అరిగిపోయింది. మార్కుస్, లూకియుస్, తితుస్... ఆ ఒక్క అక్షరం ఉండాల్సిన చోటు అదే.